తోకచుక్కకు ఎన్ని తోకలు?

జహీరాబాద్ బస్టాండు బయట నిలబడితే బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కనిపిస్తాయి. టీకొట్టు దగ్గర కాసేపు చెవి ఒగ్గితే కన్నడం, మరాఠీ కూడా వినబడతాయి. ఇటు బీదరు ముప్పై కిలోమీటర్లు, అటు హైదరాబాదు వంద. ఇలాంటి ఊళ్లో పెరిగినవాళ్లకు ఒకే కథను రెండు మూడు భాషల్లో వినడం కొత్తేమీ కాదు. అందుకే ఈసారి వింతలు విశేషాలకు పిల్లల మాయల కథలను ఎత్తుకున్నాం: వాటి కొనసాగింపులు, తోడుపుస్తకాలు, ప్రత్యేక ప్రతులు, వాటిని ఒక్కొక్కటే కూడబెట్టే పిచ్చి. ఈ పిచ్చిలో రికార్డులన్నీ లండన్ వేలంపాటల్లోనే ఉంటాయని చాలామంది అనుకుంటారు. కొన్ని అక్కడున్న మాట నిజమే, వాటి సంగతీ చూద్దాం. ముందు మన చుట్టుపక్కలవి.

పాతిక కథలు, యాభై ఏళ్లు

కాశ్మీరంలో 11వ శతాబ్దంలో సోమదేవుడు సూర్యమతి రాణి వినోదం కోసం కథాసరిత్సాగరం రాశాడు. అందులో త్రివిక్రమసేనుడనే రాజుకు, అంటే మన విక్రమార్కుడికి, భేతాళుడు చెప్పే కథలు పాతికే. చివరి కథలో చిక్కుముడి ఎంత గట్టిదంటే రాజుకు జవాబు తోచదు, నోరు మెదపడు. మౌనం చెదరలేదు కాబట్టి భేతాళుడు తిరిగి చెట్టెక్కడు, కథ ముగుస్తుంది. అంటే విక్రమార్కుడు గెలిచింది తెలివితో కాదు, తెలియకపోవడంతో.

1955లో చందమామ పిల్లల పత్రిక ఈ కథలను మొదలుపెట్టింది. నెలకొకటి చొప్పున వేస్తే పాతిక కథలు రెండేళ్లకే అయిపోవాలి. చందమామ వాళ్లు ఆ ముగింపును మాత్రం దరిదాపులకు రానివ్వలేదు. ఎక్కడెక్కడి జానపద కథలనో తెచ్చి, చివర ఒక ధర్మసందేహం తగిలించి, భేతాళుడి నోట పెట్టారు. రాజు ప్రతినెలా జవాబు చెప్పాడు, శవం ప్రతినెలా చెట్టెక్కింది. ఏడాదికి పన్నెండు లెక్కన అర్ధశతాబ్దం దాటి సాగాయంటే అయిదు వందలకు పైమాటే. అసలు పుస్తకానికి ఇరవై రెట్లు కొనసాగింపు ఉన్న పిల్లల కథ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో చూడండి. పాతికకూ అయిదు వందలకూ తేడా తెలియకుండా రెండు తరాలు చదివేశాయి. మనలో చాలామందికి భేతాళ కథలంటే చందమామవే, సోమదేవుడి పేరు ఆ తర్వాతెప్పుడో విన్నదే.

కత్తి పట్టిన రాజు, భుజాన వేలాడే శవం, వెనక శ్మశానం: ఆ బొమ్మ వేసిన శంకర్ (కె.సి. శివశంకరన్) 1952లో చందమామలో చేరి, 2020లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఒకే సన్నివేశాన్ని ఇన్ని దశాబ్దాలపాటు పాఠకుడికి విసుగు పుట్టకుండా గీసిన చిత్రకారుడికి కూడా ఒక రికార్డు రాసివ్వాలి.

మూలం లేదు, తోడుపుస్తకాలే ఉన్నాయి

మొదటి ప్రతి కోసం ఎంతకైనా తెగించే పుస్తకాల పిచ్చివాళ్లను ఏడిపించే కథ ఇది. సోమదేవుడి సాగరానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ. పైశాచీ ప్రాకృతంలో, అడవిలో, సిరా దొరక్క తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాలు రాశాడని ఐతిహ్యం. శాతవాహన రాజు ఆ భాషను ఈసడించి తిప్పి పంపేశాడు. కడుపు మండిన గుణాఢ్యుడు కొండ మీద అగ్నిగుండం పెట్టి, ఒక్కొక్క ఆకూ అడవి జంతువులకు చదివి వినిపిస్తూ నిప్పుల్లో వేశాడు. జంతువులు మేత మాని కథలు వింటూ కూర్చున్నాయి, చిక్కి శల్యమయ్యాయి. రాజుగారి వంటశాలకు వచ్చే మాంసంలో పస తగ్గింది. వంటవాణ్ని నిలదీస్తే వేటగాళ్లను చూపించాడు, వేటగాళ్లను అడిగితే కొండను చూపించారు. రాజు పరుగున వెళ్లేసరికి ఆరు లక్షలు బూడిద. మిగిలింది లక్ష. పుస్తకం బాగుందో లేదో మాంసం రుచిని బట్టి తేల్చుకున్న సమీక్షకుడు ఇంకొకడు లేడు.

ఆ లక్ష కూడా మనకు దొరకలేదు. పైశాచీ మూలం ఎక్కడా లేదు. బుధస్వామి శ్లోకసంగ్రహం, క్షేమేంద్రుడి బృహత్కథామంజరి, సోమదేవుడి సాగరం, ఇవన్నీ దాని నీడలే. జహీరాబాద్ నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో సంగారెడ్డి దగ్గర కొండాపూర్ ఉంది. 1940-42 మధ్య నిజాం పురావస్తు శాఖ అక్కడ తవ్వితే శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు గుట్టలుగా బయటపడ్డాయి. ఇప్పుడు మ్యూజియం ఉంది. గుణాఢ్యుడిది ఆ ఊరేనని తెలంగాణ చరిత్ర రాసేవాళ్లు కొందరు అంటారు. ఐతిహ్యానికి ఊరు వెతకడం ఎప్పుడూ కష్టమే కానీ, నాణేలు చూసి వచ్చాక ఆ మాట నమ్మాలని మనసు లాగుతుంది.

ఇక ప్రత్యేక ప్రతి కావాలంటారా? టానీ చేసిన కథాసరిత్సాగర ఇంగ్లీషు అనువాదానికి పెంజర్ కొండంత వ్యాఖ్యానం జోడించి 1924-28 మధ్య పది సంపుటాలు తెచ్చాడు. చందాదారులకు మాత్రమే, 1,500 ప్రతులు. కథ పేజీకి రెండు ముక్కలుంటే, అడుగున వివరణలు మూడు ముక్కలు.

నలభై ఆరు సంపుటాల మాయ

జహీరాబాద్‌లో ఉర్దూ మాట్లాడే ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే అమీర్ హమ్జా కథల పేరు తెలియనివాళ్లు తక్కువ. దేవులు, పరీలు, టక్కరి అయ్యారులు, గారడీల కోటలు, కథలోంచి కథ. 1612లో హమదాన్ నుంచి ఒక కథకుడు హైదరాబాదులో కుతుబ్‌షాహీ కొలువుకు వచ్చి ఈ కథలను పారశీకంలో కూర్చాడు. అంతకు ముందే అక్బరు చక్రవర్తి ఢిల్లీ గద్దెనెక్కిన కొత్తలో, కుర్రతనంలో, వీటికి బొమ్మలు వేయించడం మొదలుపెట్టాడు. బట్ట మీద వేసిన దాదాపు 1,400 పెద్ద పెద్ద చిత్రాలు, పదిహేనేళ్ల పని. కథకుడు బొమ్మ పైకెత్తి చూపిస్తుంటే వెనకవైపు రాసి ఉన్న పాఠాన్ని చదివేవాళ్లు. ఇవాళ ప్రపంచం మొత్తం గాలిస్తే మిగిలినవి రెండు వందలు కూడా లేవు, అవీ ఒక్కో మ్యూజియంలో కొన్ని. బొమ్మల పుస్తకాల్లో దీన్ని మించిన రాజప్రతి ఇంకొకటి రాదు.

ఈ కథలు అచ్చులోకి వచ్చేసరికి లక్నో నవల్ కిశోర్ ప్రెస్సు 1883లో తిలిస్మ్-ఎ-హోష్‌రుబాతో మొదలుపెట్టి 1917 దాకా వేస్తూనే పోయింది. మొత్తం 46 సంపుటాలు, నలభై వేల పేజీలకు పైన. సంఖ్యలో, బరువులో దీనికి సాటివచ్చే మాయల కథ లేదు. సెట్టు సాంతం ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. విమర్శకుడు షంసుర్ రహ్మాన్ ఫారూఖీ ఏళ్ల తరబడి వెతికి కూడబెట్టి, దాని మీదే ఉర్దూలో పెద్ద గ్రంథాలు రాశాడు.

మనకు ఇంత లేదుగానీ కాశీమజిలీ కథలున్నాయి. మధిర సుబ్బన్న దీక్షితులు రాసినవి, పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు కాశీకి నడుస్తూ మజిలీకొక కథ చెబుతాడు, వెంట వచ్చిన గొల్లకుర్రాడు వింటాడు. ఇందులో ఒక కథలోంచే 1951లో పాతాళభైరవి పుట్టింది. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణే చందమామ పెట్టినవాళ్లు కూడా.

పేరు లేని పన్నెండు సీరియళ్లు

చందమామ 1947 జులైలో ఆరణాల వెలతో మొదలైంది. 1952లో ఇరవై ఏళ్ల కుర్రాడొకడు సంపాదక వర్గంలో చేరాడు, పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1954లో ‘తోకచుక్క’ అనే సీరియల్ మొదలుపెట్టాడు. చతుర్నేత్రుడు, ఏకాక్షి అనే మాంత్రికులు అందులో వాళ్లే. తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం వచ్చాయి. 1978లో మొదలైన భల్లూక మాంత్రికుడు ఆఖరిది. పన్నెండు సీరియళ్లు, పాతికేళ్లు.

ఇక్కడ రికార్డు ఏమిటంటే, వీటి మీద రచయిత పేరు లేదు. చందమామలో కొలువు చేసేవాళ్ల పేర్లు కథల మీద వేయడం ఆనవాయితీ కాదు. 1952 నుంచి 1980లో పోయేదాకా పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు పేరు కూడా సంపాదకుడిగా కనబడదు. ధూమకుడు, సోమకుడు, శిఖిముఖి, విక్రమకేసరి, జయశీలుడు, సిద్ధసాధకుడు, ఇన్ని పేర్లు నోటికొచ్చిన పిల్లలకు వాళ్లను పుట్టించిన మనిషి పేరు మాత్రం రాదు. పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, తలలు నెరిశాకగానీ చాలామందికి అది తెలియలేదు. బొమ్మరిల్లు పత్రికలో వచ్చిన మృత్యులోయ కూడా ఆయనదే, అదీ పేరు లేకుండానే. ఆయన 2010లో కన్నుమూశాడు.

అమెరికాలో దీనికి తలకిందుల ఉదంతం ఒకటుంది. ఓజ్ మాంత్రికుడి కథ 1900లో వచ్చింది. రచయిత బామ్ పద్నాలుగు రాసి పోతే, ప్రచురణకర్త రూత్ ప్లమ్లీ థాంప్సన్ చేత కొనసాగింపులు రాయించాడు. 1921లో ఆమె రాసిన మొదటి పుస్తకం అట్ట మీద మాత్రం పోయినాయన పేరే వేశాడు. అక్కడి సేకర్తలకు ‘ప్రసిద్ధ నలభై’ అని ఒక లెక్క ఉంది, అరడజను మంది చేతులు మారి నలభై పుస్తకాలు పూర్తయ్యాయి.

దాసరివారి వాటిలో నిఖార్సయిన కొనసాగింపు ఒకటుంది. రాతిరథంలోని ఖడ్గవర్మ, జీవదత్తుడు యక్షపర్వతంలోకీ నడిచి వస్తారు. ఒకడు కత్తి, ఒకడు దండం. మొదటి సీరియల్ బైండు ఉండి రెండోది లేనివాడి బాధ చెప్పనలవి కాదు. చందమామలోనే ఇంకో రకం కొనసాగింపు కూడా వచ్చింది. బంకించంద్రుడి దుర్గేశనందిని వేశాక, నవాబునందిని కూడా వేశారు. ఆ రెండోది బంకించంద్రుడిది కాదు, ఆయన నవలకు దామోదర ముఖోపాధ్యాయ రాసిన తరువాయి. మాయామంత్రం లేని ఆ సీరియళ్లను పిల్లలు ఎంతమంది వరసగా చదివారో నాకు అనుమానమే. నేనైతే బొమ్మలు చూసి పేజీ తిప్పేశాను.

మైదా, మైలుతుత్తం, రెండు ప్రతులు

ఈ సీరియళ్లు వచ్చిన కాలంలో పుస్తకంగా కొనుక్కుందామంటే దొరికేవి కావు. చాలా ఏళ్ల తర్వాత అభిమానుల పూనికతో అచ్చయ్యాయి. కాబట్టి అసలు ప్రత్యేక ప్రతి పాఠకుడు ఇంట్లో తయారుచేసుకున్నదే.

తయారీ ఇలా. ముందు ఏడాది సంచికలు వరసగా పేర్చుకోవాలి. మధ్యలో పిన్నులు తుప్పుపట్టి ఉంటాయి, బలవంతంగా లాగితే కాగితం చిరుగుతుంది. చిన్న కత్తిమొనతో కొనలు పైకి లేపి, పటకారుతో నిదానంగా తీయాలి. తర్వాత సీరియల్ పేజీలు విడదీయాలి. చిక్కంతా ఇక్కడే. రాకాసిలోయ భాగం ముగిసిన పేజీ వెనకే ఇంకో కథ మొదలై ఉంటుంది. ఇది చించితే దాని తల పోతుంది. అది ఉంచాలంటే దీని తోక వదులుకోవాలి. అందుకని నిఖార్సయిన సేకర్త ఒక్కో సంచికకు రెండు ప్రతులు వెతుకుతాడు, ఒకటి కోయడానికి, ఒకటి దాచడానికి. ఒక్క ప్రతే ఉన్నవాడు వెనక పేజీ కథను చేత్తో కాపీ చేసి అతికించుకోవడం కూడా ఉంది. ఎవరి చేతిరాత వాళ్లది కాబట్టి అలాంటి ప్రతి ప్రపంచంలో ఒక్కటే ఉంటుంది.

బైండరు దారంతో కుట్టి, వీపుకు గాజుగుడ్డ అంటించి, అట్టకు కాలికో వేస్తాడు. మైదా ఉడకబెట్టి చేసిన జిగురులో చిటికెడు మైలుతుత్తం కలుపుతాడు. అది లేకపోతే రెండు వానాకాలాలు తిరిగేసరికి మైదా కోసం పురుగులు వస్తాయి, దారిలో అడ్డమొచ్చిన ఏకాక్షిని కూడా తింటాయి. ఆఖరున కట్టర్ కింద పెట్టి మూడువైపులా కోస్తాడు. అప్పుడు దగ్గరుండి చూసుకోవాలి. కోత ఎక్కువైతే చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మల్లో మాంత్రికుడి కిరీటమో, పేజీ కింద ‘ఇంకా ఉంది’ అన్న అక్షరాలో ఎగిరిపోతాయి.

దాచడం వేరే విద్య. ఇక్కడ జహీరాబాద్ పక్కన పస్తాపూర్, మాచునూరు ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవాళ్లు జొన్న, కొర్ర, సామ, అనుములు వంటి పాత పంటల విత్తనాలను ఏళ్లకేళ్లు దాచే తీరు చూడండి. వెదురు బుట్టకు పేడ, మట్టి పూసి, బూడిద, వేపాకు వేసి, మూత మీద మళ్లీ మట్టి మెత్తుతారు. పుస్తకాల పెట్టెలోనూ వేపాకే. ఎండాకు మాత్రమే వేయాలి, పచ్చిది వేస్తే తేమకు బూజు పడుతుంది. మాచునూరుకు సొంత రికార్డు కూడా ఉంది. 2008 అక్టోబరులో అక్కడ మొదలైన సంగం రేడియో దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ చేతిలో నడిచిన మొట్టమొదటి కమ్యూనిటీ రేడియో. కథలు, పాటలు, సాగు కబుర్లు, అన్నీ ఈ ప్రాంతపు మాటలోనే.

ఒకే బొమ్మ, వేరే అక్షరం

చందమామ తమిళంలో అంబులిమామా, మరాఠీలో చాందోబా, మలయాళంలో అంబిలి అమ్మావన్, ఒడియాలో జన్హమామూ. హిందీ, కన్నడం, గుజరాతీ, సంస్కృతం, శ్రీలంకకు సింహళం, 2004లో సంతాలీ. ఒకే పత్రిక ఇన్ని భాషల్లో, అదీ మద్రాసులో ఒకే ఆఫీసు నుంచి. బొమ్మలు అన్నిటికీ అవే, చుట్టూ అక్షరాలు మారతాయి. అందుకే సరిహద్దు ఊళ్లలో సేకరణకు ఒక సుళువుంది. తెలుగు సంచికలో బొమ్మ చిరిగితే కన్నడ సంచికలోది తెచ్చి అతికించవచ్చు. సంస్కృత చందమామను మాత్రం చదవడానికి కొన్నవాళ్లు ఎంతమందో, పరీక్షలకు కొన్నవాళ్లు ఎంతమందో!

పరదేశపు ముచ్చట్లు, గబగబా

ఆలిస్ వింతలోకం కథ 1865లో రెండు వేల ప్రతులు అచ్చయితే, బొమ్మలు సరిగ్గా పడలేదని చిత్రకారుడు టెనియెల్ అలిగాడు. మొత్తం ఆపేశారు. ఆ మొదటి అచ్చు ప్రతులు ఇవాళ పాతికకు లోపే ఉన్నాయి. చిన్నపిల్లల కోసం వేసిన రంగుల ఆలిస్‌ను మొదటి పదివేలు చూసి, రంగులు మరీ గాఢంగా ఉన్నాయని ఈసారి రచయితే కాదన్నాడు. ఇంత మొండితనం ఉన్నవాళ్ల పుస్తకాలే వేలంలో బంగారమవుతాయి.

కొనసాగింపు వెనక్కి వెళ్లి మూలాన్నే మార్చేసిన ఘనత టోల్కీన్ నవల హాబిట్‌ది. 1937లో గోలమ్ అనే జీవి ఉంగరాన్ని పందెంగా ఒడ్డినట్టు రాసిన టోల్కీన్, తర్వాతి పెద్ద నవలకు అది అడ్డమొస్తోందని 1951 ముద్రణలో ఆ అధ్యాయాన్నే తిరగరాశాడు. కాబట్టి అక్కడ పాత హాబిట్ ఉన్నవాడి దగ్గర వేరే కథ ఉన్నట్టు లెక్క.

తోడుపుస్తకాల్లో ధర విషయానికొస్తే, హ్యారీ పోటర్ కథల్లో ప్రస్తావించిన బీడిల్ కథలను రౌలింగ్ చేత్తో ఏడు ప్రతులు రాసింది. ఆరు కావలసినవాళ్లకు పంచి, ఏడోది 2007 డిసెంబరులో వేలానికి పెట్టింది. అమెజాన్ 19 లక్షల 50 వేల పౌండ్లకు కొన్నది. డబ్బు పిల్లల సేవాసంస్థకు వెళ్లింది. చేత్తో రాసిన పేజీ అతికించుకున్న మన రాకాసిలోయ ప్రతికి ఇంకా వేలం జరగలేదు.

అన్నిటికంటే అరుదైనది అట్ట

చందమామకు అరవై ఏళ్లు నిండిన సందర్భంగా తెచ్చిన ప్రత్యేక సంపుటాన్ని 2008లో ముంబైలో అమితాబ్ బచ్చన్ విడుదల చేశాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే పత్రిక అచ్చు ఆగిపోయింది. దాంతో పాత సంచికల ధర పెరిగింది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద బైండు పుస్తకాలు అప్పుడప్పుడు తగులుతాయి. కొనేముందు వీపు కాదు, లోపల చూసుకోవాలి. బైండరు చేతిలో పడగానే మొదట పోయేది అట్ట. ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలను కొందరు ముందే చింపి గోడకు ఫ్రేము కట్టించుకున్నారు, మిగతావాటిని బైండర్లు పక్కన పడేశారు. సీరియల్ నిండుగా ఉన్న బైండ్లు వెతికితే దొరుకుతున్నాయి. అట్టతో, వెనకట్ట మీది టూత్‌పేస్టు, బిస్కెట్ల ప్రకటనలతో సహా ఉన్న సంచిక కావాలంటే మాత్రం అమ్మేవాడు మన మొహం ఒకసారి ఎగాదిగా చూసి, లోపల్నుంచి వేరే సంచీ తీస్తాడు.